మిగిలిన ఊలుతో పుట్టినరోజు స్వెట్టరు: అల్లిక నమూనాలను మళ్ళీ తెలుగులో అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో పిల్లల పుట్టినరోజు కానుకల గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులో బొమ్మలు, సైకిళ్ళు, పుస్తకాలు, దుకాణంలో కొనే దుస్తులు అన్నీ ఉన్నాయి గానీ, ఇంట్లో చేత్తో చేసి ఇచ్చే వస్తువు ఒక్కటీ కనిపించలేదు. నేను బెంగళూరు మల్లేశ్వరంలో 40 ఏళ్ళుగా ఉంటున్న విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలిని. మా సొంత ఊరు అనంతపురం జిల్లాలో ఉంది. ఈ జనవరిలో మా అమ్మాయి కూతురికి ఆరేళ్ళు నిండాయి. ఆ పుట్టినరోజుకు, ఏళ్ళ తరబడి ఇంట్లో మిగిలిపోతూ వచ్చిన ఊలు ముక్కలతోనే, కొత్తగా ఒక్క ఉండ కూడా కొనకుండా, స్వెట్టరు అల్లి ఇచ్చాను. అది అల్లుతున్న రెండున్నర నెలల్లో నాకు తెలిసివచ్చిన విషయాలను మీ పాఠకులకు చెప్పాలనీ, ఒకప్పుడు తెలుగు వారపత్రికలు అచ్చువేసిన అల్లిక నమూనాలను మీరు మళ్ళీ మొదలుపెట్టాలని అడగాలనీ ఈ ఉత్తరం.

గత దసరాకు బొమ్మల కొలువు పెట్టెను అటక మీది నుంచి దించినప్పుడు, బొమ్మలు ఒకదానికొకటి తగిలి పెచ్చులూడకుండా వాటి సందుల్లో కుక్కిన ఊలు ఉండలు బయటపడ్డాయి. లెక్కపెడితే 14 ఉన్నాయి. వంటింటి త్రాసు మీద తూచితే మొత్తం 410 గ్రాములు వచ్చింది. మా వారికి అల్లిన చేతుల్లేని స్వెట్టరులో మిగిలిన మెరూన్, మా అబ్బాయి బడికి వెళ్ళే రోజులనాటి ముదురు ఆకుపచ్చ, ఇదే మనవరాలు పుట్టినప్పుడు టోపీ, మేజోళ్ళు అల్లగా మిగిలిన మీగడ రంగు, ఎవరికి అల్లానో గుర్తులేని మఫ్లరు తాలూకు ఆవపువ్వు పసుపు, కొద్దిగా నారింజ, పక్కింట్లో పదేళ్ళున్న కన్నడ ఆవిడ మైసూరుకు ఇల్లు మారుతూ నా చేతిలో పెట్టి వెళ్ళిన నెమలికంఠం నీలం అందులో ముఖ్యమైనవి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ చంటిబిడ్డ చొక్కాకు కూడా చాలదు. తూకం మాత్రం వేరే మాట చెప్పింది. ఐదారేళ్ళ పిల్లకు మధ్యరకం మందం ఊలుతో స్వెట్టరు అల్లడానికి 200 గ్రాములు ఉంటే సాధారణంగా సరిపోతుంది.

ఈ ఆలోచన చెప్పగానే మా వియ్యపురాలు, నా మీద ఆదరంతోనే, "వదినగారూ, ఏడాదికొక్కసారి వచ్చే పుట్టినరోజు, ఆ మిగులూ తగులూ ఎందుకండీ, చిక్కపేటకు వెళ్ళి కొత్త ఊలు తెచ్చుకుందాం" అన్నారు. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. పుట్టినరోజున తలంటుపోసి, కొత్త బట్ట అంచుకు పసుపు రాసి తొడగడం మన ఇళ్ళలో ఉన్న ఆచారం, ఆ బట్ట కొత్తదై ఉండాలన్న పట్టింపు కూడా అందులోదే. అయితే ఒకరు తొడిగి విప్పిన స్వెట్టరును ఊడదీసి తీసిన ఊలు వేరు, ఎవరి ఒంటికీ తగలకుండా ఉండ రూపంలోనే ఉండిపోయిన ఊలు వేరు. రెండోది ఎన్నేళ్ళు పెట్టెలో ఉన్నా కొత్తదే. పైగా బిడ్డ పుట్టగానే మనం చుట్టేది పాత నూలు చీర చింపిన పొత్తిగుడ్డల్లోనే కదా, పడుకోబెట్టేది అమ్మమ్మ చీరలు కుట్టిన బొంత మీదనే కదా. మెత్తబడిన బట్ట పసిబిడ్డ ఒంటికి మంచిదనే ఆ పద్ధతి వచ్చింది. ఆ బిడ్డకే ఆరేళ్ళు వచ్చేసరికి ఇంటి ఊలు తక్కువదైపోతుందా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, మూడు రోజుల తర్వాత తన ఇంట్లో ఉన్న రెండు చిన్న ఉండలు పంపారు. అందులో ఒకటి నల్లది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఊలు పని నాకు మా అమ్మ నేర్పింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు దేశమంతటా ఆడవాళ్ళు సరిహద్దుల్లోని జవాన్ల కోసం స్వెట్టర్లు, మేజోళ్ళు అల్లారు. మా వీధిలోనూ సాయంత్రాలు అరుగుల మీద అదే పని జరిగేది. అప్పటికి నాకు ఏడేళ్ళు. నా రెండు చేతులకూ ఊలు లచ్చి తొడిగి, మా అమ్మ ఎదురుగా కూర్చుని ఉండ చుట్టేది, పోగు లాగినప్పుడల్లా నేను చేతులు ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి ఇవ్వాలి. మంచు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని అనంతపురం జిల్లా ఆడవాళ్ళు, ఎండకు చెమట పట్టిన వేళ్ళు పైటకు తుడుచుకుంటూ, హిమాలయాల్లో ఉన్నవాళ్ళ కోసం అల్లిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు. వారపత్రికల్లో తెలుగులో వచ్చిన నమూనాలను కత్తిరించి, గోధుమపిండి జిగురుతో నోటుపుస్తకంలో అంటించుకుని, వాటిని చూసే అల్లేవారు. అల్లికకు ఆధారమైన రెండు కుట్లలో మా అమ్మ నిట్‌ను సూటి కుట్టు అనీ పర్ల్‌ను తిరగ కుట్టు అనీ అనేది. ఇవాళ అవే మాటలు మా మనవరాలి నోట కూడా వస్తున్నాయి.

ఇక అసలు పనిలోకి వస్తాను. మిగిలిన ఊలుతో అల్లాలనుకునేవారు మొదట తెలుసుకోవలసింది, మనం ఊలు అని పిలిచేదంతా ఒకటే పదార్థం కాదన్న సంగతి. గొర్రె నుంచి వచ్చేదానికి తెలుగులో ఉన్ని అనే మంచి మాట ఉంది. కన్నడిగులు ఉణ్ణె అంటారు. దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేదానిలో చాలా భాగం అక్రిలిక్, అంటే పెట్రోలియం నుంచి తయారయ్యే కృత్రిమ దారం. కాగితపు పట్టీ ఎప్పుడో చిరిగిపోయిన పాత ఉండ ఏ రకమో తేల్చుకోవడానికి, రెండంగుళాల ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, పిల్లలు దగ్గర లేనప్పుడు, నీళ్ళ గిన్నె పక్కన ఉంచుకుని అంటించి చూడాలి. ఉన్ని అయితే నెమ్మదిగా కాలి, మంట తీసేయగానే ఆరిపోయి, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిదను వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి, మండుతూ, చివరికి గట్టి నల్లపూసలా మిగులుతుంది. నా 14 ఉండల్లో మెరూన్, బూడిద రంగు మాత్రమే ఉన్ని అని తేలాయి. అక్రిలిక్ స్వెట్టరు తొడిగిన పిల్లలను దీపావళి టపాకాయల దగ్గరకూ, పొయ్యి దగ్గరకూ పోనివ్వకూడదన్న జాగ్రత్త కూడా ఈ చిన్న పరీక్ష చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఉన్నికి పురుగు పడుతుంది, అక్రిలిక్‌కు పట్టదు. బూడిద రంగు ఉండను విప్పితే మూడడుగులకొక చోట తెగిపోయింది. చిమ్మట పిల్లపురుగులు తిన్న ఊలు పైకి బాగానే కనిపించి లోపల పోగుపోగుగా తెగి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేశాను. పురుగు రాకుండా చాలా ఇళ్ళలో నాఫ్తలీన్ ఉండలు వేస్తారు. అలా దాచిన ఊలును ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరవేయకుండా పిల్లలకు వాడకూడదని గట్టిగా చెప్పదలచుకున్నాను. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు చాలా కుటుంబాలకు ముందుగా తెలియదు కూడా.

రంగు విషయంలో నాకొక దెబ్బ తగిలింది. మెరూన్, మీగడ రంగు పక్కపక్కన పెట్టి చిన్న నమూనా ముక్క అల్లి ఉతికితే, మెరూన్ రంగు దిగి మీగడ రంగు మీద గులాబీ మరకలు పడ్డాయి. అదే పూర్తయిన స్వెట్టరు మీద జరిగి ఉంటే రెండు నెలల శ్రమ పోయేది. ఆ తర్వాత మెరూన్‌ను లచ్చిగా చుట్టి, నాలుగు చోట్ల నూలుదారంతో వదులుగా కట్టి, చల్లటి నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఐదుసార్లు జాడించాను. తడి ఊలును తెల్లటి పంచెగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచి, ఉదయం మరక లేదని చూసుకున్నాకే సూదులు పట్టాను. మీ పాఠకులు ముదురు ఎరుపు, ముదురు నీలం ఊలు విషయంలో ఈ ఒక్క రాత్రి పరీక్షను మానవద్దని నా మనవి.

ఇక మందం. అన్ని ఉండలూ ఒకే మందంగా ఉండవు. మనకు బ్రిటిష్ సూది నంబర్లు అలవాటు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు. డబుల్ నిట్ అని పిలిచే మధ్యరకం ఊలును 8 నంబరు సూదులతో అల్లితే 10 సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 22 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 28 వరుసలు వస్తాయి. నా దగ్గరున్న ప్రతి రంగుతోనూ అరచేతి వెడల్పు ముక్క అల్లి, స్కేలు పెట్టి కుట్లు లెక్కపెట్టాను. నీలం, ఆకుపచ్చ, పసుపు, మెరూన్, నారింజ ఐదూ దాదాపు సరిపోయాయి. మీగడ రంగు చంటిపిల్లల ఊలు కాబట్టి సన్నగా ఉంది, దాన్ని రెండు పోగులు కలిపి పట్టుకుంటే మిగతావాటికి జోడు కుదిరింది. లెక్క చూసుకున్న ముక్కలను కత్తిరించకుండా ఊడదీసి తిరిగి చుట్టుకున్నాను. ఉన్నదే కొద్దిపాటి ఊలు అయినప్పుడు రెండు గజాలు కూడా విలువైనవే. మందంగా ఉన్న మరో నాలుగు ఉండలు ఈ స్వెట్టరుకు పనికిరావని పక్కన పెట్టాను. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నా, జనవరి రాత్రుల్లో సాధారణంగా 15, 16 డిగ్రీల కంటే చలి దిగదు. 1884 జనవరి 13న నమోదైన 7.8 డిగ్రీలే ఈ నగరంలో ఇప్పటికీ కనిష్ఠ ఉష్ణోగ్రత. ఉదయం బడి వ్యాను కోసం నిలబడే అరగంటకూ, సాయంత్రం పార్కులో గంటకూ పనికివచ్చే పలచని స్వెట్టరే ఇక్కడి పిల్లలకు కావాలి. సిమ్లా చలికి సరిపడే మందం ఇక్కడ పిల్ల ఒంటి మీద పది నిమిషాలు కూడా నిలవదు.

మనవరాలి ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లు. లోపల గౌను ఉంటుంది, ఏడాది ఎదుగుదల ఉంటుంది కాబట్టి 8 సెంటీమీటర్లు కలిపి మొత్తం 68, అంటే ముందు భాగం 34, వెనుక భాగం 34 అనుకున్నాను. కుట్ల లెక్కన ఒక్కో భాగానికి 75 కుట్లు. చంక దగ్గర తగ్గింపులు లేకుండా, కింది నుంచి పైదాకా ఒకే వెడల్పున పోయే తేలిక పద్ధతిని ఎంచుకున్నాను. ఆ పద్ధతిలో ప్రతి వరుసకూ ఒకే పొడవు ఊలు ఖర్చవుతుంది కాబట్టి, కొద్దిపాటి ఊలును ముందే పంచుకోవడం సాధ్యమవుతుంది. సాదా అల్లికలో ఒక వరుసకు ఆ వరుస వెడల్పుకు సుమారు మూడు రెట్ల పొడవు పోగు పడుతుంది. 34 సెంటీమీటర్లకు దాదాపు ఒక మీటరు. పది వరుసలకు ముందూ తర్వాతా ఉండను తూచి చూస్తే 4 గ్రాములు తగ్గింది. ఇక ఆ తర్వాత ఏ ఉండను చూసినా అది ఎన్ని వరుసలకు వస్తుందో చెప్పగలిగాను. 7 గ్రాముల నారింజ రంగు 17 వరుసలకు వస్తుందని తెలిస్తే, ముందు భాగానికీ వెనుక భాగానికీ చెరి 8 వరుసలు ధైర్యంగా వేయవచ్చు. ఊలు చాలుతుందో చాలదో అని భయపడుతూ అల్లేవారే ఎక్కువగా మధ్యలో వదిలేస్తారు. త్రాసు దగ్గర పెట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది.

చారల వెడల్పులకు నేను మన ఛందస్సును ఆశ్రయించాను. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఒక మాత్రను ఒకే విధంగా నింపగలం, రెండు మాత్రలను రెండు విధాలుగా, మూడింటిని మూడు విధాలుగా, నాలుగింటిని ఐదు విధాలుగా, ఐదింటిని ఎనిమిది విధాలుగా నింపగలం. ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. ఈ లెక్కను మన ఛందశ్శాస్త్రజ్ఞుడు విరహాంకుడు చెప్పాడు, సుమారు 1150లో హేమచంద్రుడు మళ్ళీ వివరించాడు. ఇటలీ దేశస్థుడు ఫిబొనాచి తన గ్రంథంలో ఈ వరుసను రాసింది ఆ తర్వాత 1202లో. తరగతి గదిలో ఎన్నో ఏళ్ళు ఈ సంఖ్యలను ఆయన పేరుతోనే పిల్లలకు చెప్పిన నాకు, వాటిని మన గురులఘువుల పేరుతో మనవరాలికి చెప్పే అవకాశం రావడం చాలా సంతోషం కలిగించింది. ఈ వెడల్పులు కంటికి ఇంపుగా ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, తక్కువ ఉన్న రంగును సన్న చారలోకీ ఎక్కువ ఉన్న రంగును వెడల్పు చారలోకీ పంపడానికి వీలిస్తాయి.

అయితే రెండు సూదులతో అటూ ఇటూ తిరుగుతూ అల్లేటప్పుడు 1, 3, 5 వంటి బేసి వరుసల దగ్గర రంగు మారిస్తే, పాత పోగు ఒక పక్కన ఆగిపోయి, తర్వాత అదే రంగు కావలసినప్పుడు అటు చివర దొరకదు. కాబట్టి ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసి 2, 4, 6, 10, 16 వరుసలుగా వేసి, తిరిగి 10, 6, 4, 2గా దిగాను. మొత్తం 60 వరుసలు, అంటే 21 సెంటీమీటర్లు దాటింది. కింద సాగేలా అల్లే అంచు, అంటే రిబ్బు నుంచి చంక దాకా సరిగ్గా అంతే కావాలి. రెండు వరుసల చారకు ఆకుపచ్చ, నాలుగుకు నారింజ, ఆరుకు మీగడ రంగు, పదికి ఆవపువ్వు పసుపు, నడుమ ఉన్న పదహారు వరుసలకు మెరూన్. మా వారు ఇప్పుడు లేరు. ఆయన స్వెట్టరులో మిగిలిన ఊలు పిల్ల పొట్ట మీదుగా నడిమధ్యన రావాలని నేను కోరుకున్నాను. అది ఉన్ని కాబట్టి మెడకూ మణికట్టుకూ తగలకుండా ఉండడం కూడా మంచిదే. ఉన్నిపోగులు 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి లావుగా ఉంటే చర్మానికి గుచ్చుకుని దురద పుడుతుంది. చిత్రదుర్గ వైపు కురుబలు నేసే కంబళి, మన గొంగళి ఎంత వెచ్చనివైనా పిల్లల ఒంటికి నేరుగా వేయలేకపోవడానికి కారణం ఆ ముతకదనమే.

ఛాతీ పైభాగానికీ చేతులకూ నీలం రంగు. అదొక్కటే 95 గ్రాములు ఉంది, లెక్క ప్రకారం 86 గ్రాములు కావాలి. చేతులను మణికట్టు నుంచి మొదలుపెట్టకుండా, భుజం కుట్టిన తర్వాత చంక చుట్టూ 66 కుట్లు ఎత్తుకుని కిందికి అల్లుతూ, 40 కుట్లకు తగ్గించాను. మిగిలిన నీలాన్ని త్రాసు మీద సరిసమానంగా రెండు ఉండలు చేసి, రెండు చేతులనూ ఒకదాని వెంట ఒకటిగా పది వరుసల చొప్పున అల్లుకుంటూ పోయాను. ఊలు అయిపోతే రెండు చేతులూ ఒకే చోట ఆగాలన్నది ఉద్దేశం. ఇందులో ఇంకో మేలుంది. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. పైనుంచి కిందికి అల్లిన చేతిని వచ్చే చలికాలానికి అంచు ఊడదీసి మరో రెండంగుళాలు పొడిగించవచ్చు. దానికోసం ఆకుపచ్చ కొంచెం దాచిపెట్టాను.

చారలు ఎక్కువైతే పోగు కొసలూ ఎక్కువవుతాయి. ప్రతి కొసనూ అరచేతి పొడవున వదిలి, రంగులు ఎప్పుడూ ముందు, వెనుక భాగాలను కలిపే పక్క కుట్టు దగ్గరే మార్చి, మొద్దు సూదితో ఆ కుట్టులోనే అటూ ఇటూ దూర్చాను. ఈ పనికి నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. కొందరు అక్రిలిక్ కొసలను అగ్గిపుల్లతో కాల్చి అతికిస్తారు. దయచేసి పిల్లల స్వెట్టరుకు ఆ పని చేయకండి, కరిగి గట్టిపడిన ఆ పూస ఒంటికి గీసుకుంటుంది. ఉన్ని కొసలు మాత్రం విడదీసి, తడిచేసి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఉన్నిపోగు మీద ఉండే పొలుసుల గుణం అది. అదే గుణం వల్ల వేడినీళ్ళలో ఉతికితే ఉన్ని ముడుచుకుపోతుంది, కాబట్టి ఒక్క చారలో ఉన్ని ఉన్నా స్వెట్టరు మొత్తాన్ని చన్నీళ్ళలో చేత్తోనే ఉతకాలి. మెడ దగ్గర లాగి కట్టే తాళ్ళు, కుచ్చులు పెట్టలేదు. ఆటల్లో జారుడుబల్ల దగ్గరా, వ్యాను తలుపు దగ్గరా అవి చిక్కుకుంటే ప్రాణాపాయం. ఆరేళ్ళ పిల్ల తల చుట్టుకొలత 51, 52 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మెడ అంతవరకూ సాగాలి కాబట్టి ఎడమ భుజం మీద మూడు గుండీల తెరుపు పెట్టి, గుండీలు వెనుక చిన్న గుడ్డముక్క వేసి కుట్టాను. మూడేళ్ళలోపు పిల్లలకైతే గుండీలే వద్దంటాను.

వియ్యపురాలు పంపిన నల్ల ఊలు గురించి చెబుతానన్నాను. పుట్టినరోజు బట్టలో నలుపు వద్దని ఆమే అన్నారు, దిష్టికి కాస్త ఉండాలని కూడా ఆమే అన్నారు. అందుకని కింది అంచు లోపలి వైపున, పైకి కనబడని చోట, నల్లపోగుతో ఒకే ఒక్క కుట్టు వేశాను. పుట్టినరోజు ఉదయం స్వెట్టరు తొడగగానే మనవరాలు మొదట వెతికింది దాన్నే. తర్వాత చారలు లెక్కపెట్టి, "అమ్మమ్మా, ఇది తాతయ్యది కదా" అని నడిమి మెరూన్ మీద చెయ్యి పెట్టింది. అల్లేటప్పుడు ఏ రంగు ఎక్కడిదో దానికి చెబుతూ వచ్చాను. రెండు చేతులకూ లచ్చి తొడిగించుకుని కూర్చున్నది కూడా అదే.

సంపాదకులవారికి నా అభ్యర్థన ఇది. నెలకొకసారైనా, పావు పేజీ చాలు, పిల్లల స్వెట్టరు, టోపీ, మేజోళ్ళ నమూనాలను తెలుగులో ప్రచురించండి. ఇవాళ ఇంగ్లీషు చదవగలిగిన ఆడపిల్లలకు నమూనాల కొరత లేకపోవచ్చు. కానీ నమూనా అర్థం కాక సూదులు పక్కన పెట్టిన మా వయసువాళ్ళు, మనవలు, మనవరాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెట్టాలనుకునేవాళ్ళు, ఈ నగరంలోని తెలుగు ఇళ్ళలో ఎందరో ఉన్నారు. సూదిని నంబరుతో పాటు తప్పక మిల్లీమీటర్లలో చెప్పండి. అమెరికా పద్ధతిలో 8 నంబరు అంటే 5 మిల్లీమీటర్లు, మన 8 నంబరు కంటే ఒక మిల్లీమీటరు లావు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి పంపిన సూదులతో ఒకసారి ఈ తేడా తెలియక అల్లిన స్వెట్టరు, ఐదేళ్ళ పిల్లకు అనుకున్నది ఎనిమిదేళ్ళ పిల్లకు సరిపోయింది. ఊలును ఉండల లెక్కన కాక గ్రాముల్లోనూ మీటర్లలోనూ చెప్పండి. నాలుగు ఉండలు కావాలి అని రాస్తే దుకాణానికి వెళ్ళవలసి వస్తుంది, 13 గ్రాముల ఎరుపు, 16 గ్రాముల పసుపు అని రాస్తే పెట్టెలో ఉన్నదానితో పని మొదలవుతుంది. కుట్ల పేర్లకు మీ పాఠకుల ఇళ్ళలో ఏ మాటలు వాడుకలో ఉన్నాయో అడిగి సేకరించండి. మా అమ్మ సూటి, తిరగ అన్నది, కోస్తాలోనో తెలంగాణలోనో వేరే మాట ఉండి ఉంటుంది. అవన్నీ ఒకచోట అచ్చయితే నేర్చుకునేవారికి ఎంతో మేలు.

పూర్తయిన స్వెట్టరు గుండీలతో కలిపి 170 గ్రాములు తూగింది. ఆరేళ్ళ పిల్లకు సరిపడే పూర్తి నమూనాను, కుట్లు, వరుసలు, ప్రతి రంగుకూ కావలసిన గ్రాముల లెక్కతో సహా, చేతిరాతతో ఈ ఉత్తరానికి జతచేశాను. నాలుగేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలకు కొలతలు ఎలా మార్చుకోవాలో కూడా వెనుకవైపు రాశాను. మీకు స్థలం ఉన్నప్పుడు ప్రచురించండి, ఎటువంటి పారితోషికమూ వద్దు. వచ్చే చలికాలానికి అల్లడం పూర్తికావాలంటే దసరా లోపు అచ్చయితే బాగుంటుంది.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
మల్లేశ్వరం, బెంగళూరు.